గీతలు గీకేసిన సైకిలు

ఇంగ్లండులోని మా టిప్టన్ ఊళ్ళో క్లిఫర్డ్ టాండీ పేరు తెలియనివాళ్ళు లేరంటే అది పొగడ్త కాదు, ఉన్న మాట. కాలువ పక్కన ఆయన ఇల్లు, వెనక పెరడు, పెరట్లో రేకుల షెడ్డు, షెడ్డు గోడల పొడుగునా కొక్కేలకు వేలాడే నల్లని సైకిళ్ళు. అన్నీ రెండో ప్రపంచ యుద్ధానికి ముందువే, అన్నీ చవకరకాలే. తళతళలాడే హ్యాండిళ్ళు, తోలు సంచులు, గేర్లు ఉన్న దొరల సైకిళ్ళ వైపు ఆయన కన్నెత్తి చూసేవాడు కాదు. వాటిని దాచుకోవడానికి చాలామందే ఉన్నారు. కూలివాడు వారం వారం కట్టుకుంటూ కొన్న సైకిలును ఎవరు దాస్తారు? తొక్కినన్నాళ్ళు తొక్కారు, అరిగాక తుక్కులో పడేశారు. అలా తుక్కు పాలు కాబోయినవాటినే క్లిఫర్డ్ ఏరి తెచ్చాడు.

ఆయన చేసినవి చెప్పుకుంటూ పోతే ఒక పూట చాలదు. డడ్లీ కొండ అవతల ఎవరో కోళ్ళగూటికి తలుపుగా కట్టుకున్న ఫ్రేమును చూసి, ఆ ఇంటావిడకు కొత్త తలుపు తన చేత్తో చేసిచ్చి మరీ దాన్ని విడిపించుకొచ్చాడు. కాలువ పూడిక తీసిన ఏడు బురదలో ఒక మడ్గార్డు అంచు కనబడితే, ఒడ్డున నిలబడే అది ఫలానా కంపెనీ, ఫలానా రకం అన్నాడు. కడిగి చూస్తే అక్షరాలా అదే. రేడియో వాళ్ళు వచ్చి ఆయన మాటలు పట్టుకుపోయారు. మా పాత సైకిళ్ళ సంఘం పత్రికలో ఆయన రాసిన వ్యాసాలు చదివి స్కాట్లండు నుంచి కూడా మనుషులు వచ్చేవారు. పద్నాలుగో ఏట బడి మానేసి గొట్టాల ఫ్యాక్టరీలో చేరి, అక్కడే తల నెరిసిన మనిషికి ఇవి చిన్న సంగతులు కావు.

ఆయనకు ఒక్కటే సూత్రం. సైకిలు ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎలా ఉందో అలా ఉండాలి. ఒక్క నట్టు తేడా రాకూడదు. తర్వాత ఎవరో తగిలించిన బెల్లు, ఎవరో పూసిన రంగు, ఎవరో మార్చిన సీటు, అన్నీ ఆయన లెక్కలో అబద్ధాలే. నిజం కంపెనీ క్యాటలాగులో ఉంటుంది, ఆ క్యాటలాగులు ఆయన దగ్గర ఉంటాయి.

ఇక ఆయన కిరీటంలో రాయి లాంటి సంగతి డెస్మండ్ వైట్‌హౌస్‌ది. మా ఊళ్ళోనే ఒకప్పుడు క్రాస్‌వెల్ అని సైకిళ్ళ ఫ్యాక్టరీ ఉండేది. వాళ్ళు రెండు రకాలు చేసేవారు. రాయల్ అనేది కలవారిది. దాని గొట్టాల మీద బంగారు రంగు గీతలు వెంట్రుకలంత సన్నగా సాగేవి. వర్క్‌మన్ అనేది లేనివారిది. దాని మీద గీతా లేదు గాతా లేదు. ఫ్రేము నలుపు, హ్యాండిలు నలుపు, రిమ్ములు నలుపు, చివరికి బెల్లు కూడా నలుపే. శవపేటికకు చక్రాలు తగిలించారని అప్పట్లో నవ్వేవాళ్ళట. డెస్మండ్ బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి, మెతక. ఆయన ఒక ఏడు, ఏటా హాల్లో జరిగే సంఘం జాతరకు తన అత్తగారి సైకిలు తెచ్చి, బంగారు గీతలున్నాయి కాబట్టి ఇది రాయల్ అన్నాడు. క్లిఫర్డ్ క్యాటలాగు పట్టుకుని లేచాడు. సీటు స్తంభం చూపించాడు, బ్రేకు కడ్డీలు చూపించాడు, ఇది వర్క్‌మన్ అని తేల్చాడు. అంతటితో ఆగితే సరిపోయేది.

"గాడిదకు చారలు గీస్తే జీబ్రా అవుతుందా డెస్మండూ?" అన్నాడు.

హాలు హాలంతా నవ్వింది. డెస్మండ్ కూడా నవ్వాడు, నవ్వక చేసేదేముంది. ఆ చలికాలమే గీతలన్నీ తీసేసి, నల్లగా రంగు వేసి, మరుసటి ఏడు తెచ్చాడు. క్లిఫర్డ్ అందరి ముందూ ఆయన చెయ్యి పట్టుకుని ఊపి, ఇప్పుడు ఇది నిజమైన సైకిలు అన్నాడు. నకిలీని పట్టుకున్నవాడని ఆనాటి నుంచి ఆయనకు పేరు. ఇంటికి ఎవరొచ్చినా టీ చల్లారేలోపు ఈ కథ వచ్చేది. భార్య ఓలివ్ దాన్ని వినీ వినీ, జీబ్రా దగ్గరికి రాగానే కప్పులు తీసుకుని లేచేది.

హిల్డా రౌండ్ తన సైకిలు తోసుకుంటూ వచ్చింది ఆ తర్వాత కొన్నేళ్ళకు, ఒక వసంతకాలంలో. హిల్డా బడి పిల్లలకు అన్నాలు వండి వడ్డించిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు, పుట్టిన ఇంట్లోనే ఉండేది. ఆదివారం ప్రార్థనకు చాపెల్‌లో వెనక బల్ల మీద కూర్చుని, పాట తప్ప మాట వినిపించని రకం. ఆమె తెచ్చింది ఆడవాళ్ళ సైకిలు. వంటింటి వెనక బట్టలుతికే గదిలో ఎన్నో ఏళ్ళుగా గోడకు వేలాడిందట. మసి, జిడ్డు, సున్నం కలిసి అట్ట కట్టి అది ఏ రంగో తెలియకుండా ఉంది.

"మా అమ్మదండీ టాండీ గారూ. చక్రాలు తిరిగితే చాలు. జాతర రోజున ఒక్కసారి తొక్కాలని ఉంది."

"తిరగడమేమిటమ్మా, గేటు దాటిన రోజు ఎలా ఉందో అలా చేసిస్తాను చూడు" అన్నాడు క్లిఫర్డ్.

ఆమె సైకిలును ఆయనకు అప్పగించి, ఇక నాకు దిగులు లేదంది. ఇంకేమీ చెప్పలేదు. దాని మీద ఏముందో ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. జిడ్డు తుడిస్తే కనబడేదాన్ని, అందులోనూ సైకిళ్ళ గురించి ఊరికి పాఠాలు చెప్పే మనిషికి, వేలు పెట్టి చూపించాలని ఎవరికి తోస్తుంది?

కిరసనాయిలు, గుడ్డపీలికలు పెట్టి క్లిఫర్డ్ జిడ్డు తీయడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి కింది గొట్టం మీద ఒక బంగారు గీత బయటపడింది. ఇంకా తుడిస్తే రెండోది. సైకిలేమో వర్క్‌మన్. ఆయన పెదవుల మీద నవ్వు మొలిచింది. డెస్మండ్ సైకిలు లాంటి నకిలీ ఇంకొకటి దొరికిందనుకున్నాడు. టీ తెచ్చిన ఓలివ్ వంగి చూసింది.

"ఎంత బావుందో. ఎవరి చెయ్యో గాని దారం పోగులా గీశారు. ఉండనివ్వకూడదూ?"

"బావుండటం వేరు, నిజం వేరు."

"ఆవిడ్ని ఒకమాట అడుగు మరి."

"ఆవిణ్ణి అడగడమేమిటి? సైకిలునే అడుగుతాను" అని భూతద్దం తీశాడు క్లిఫర్డ్.

నిజంగానే అడిగాడు. మడ్గార్డు మీద ఒక చిన్న గీరుడు ఉంది. రాయో రప్పో తగిలి రంగు లేచిన చోటు. బంగారు గీత ఆ గీరుడు లోపల నుంచే దిగి, మళ్ళీ ఎక్కి, ముందుకు సాగింది. అంటే సైకిలు గేటు దాటి, రోడ్డెక్కి, దెబ్బ తిన్నాక గీసిన గీత. ఫ్యాక్టరీది కాదు. ఆయన లెక్క తప్పలేదు. అది ఈరోజుకీ తప్పు కాదు. ఎవరు గీశారు, ఎందుకు గీశారు అన్నది మాత్రం ఆయన అడగలేదు. క్యాటలాగులో లేని ప్రశ్న ఆయనకు తట్టలేదు.

రంగు కరిగించే మందు పూశాడు. ఇనప పీచుతో రుద్దాడు. మూలమూలలా గరుకు కాగితం పెట్టి గీకాడు. బంగారు రంగు పొడి నల్లని నీళ్ళలో కలిసి కాలువలోకి పోయింది. తర్వాత ఎనామిల్ రంగు మూడు పూతలు, పూత పూతకూ పొయ్యి వేడిలో ఆరబెట్టడం. పని ముగిశాక ఆ సైకిలు మొహం చూసుకునేంత నల్లగా మెరిసింది. అంత పని ఆయన జన్మలో చేయలేదు. దుప్పటి కప్పి జాతర కోసం ఎదురుచూశాడు.

జాతర శనివారం. ఆ వారం మొదట్లో హిల్డా ఒక సోంపు గింజల కేకు కాల్చి తీసుకొచ్చింది. సైకిలు ఇప్పుడే చూడనంది, హాల్లో అందరితోపాటు చూస్తానంది. వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని, పర్సును ఒళ్ళో రెండు చేతులా పట్టుకుని, ఒక సాయం అడగడానికి వచ్చానంది. మా సంఘంలో ఒక ఆచారం ఉంది. జాతరలో ఎవరి సైకిలు దగ్గర వాళ్ళు నిలబడి, సీటు మీద చెయ్యి వేసి, దాన్ని ఎవరు కొన్నారో, ఎవరు తొక్కారో నలుగురికీ చెప్పాలి. చెప్పనిదే ఆ సైకిలు సంఘం లెక్కలోకి రాదు. హిల్డాకు నలుగురిలో గొంతు పెగలదు. అందుకని టాండీ గారినే చెప్పమని అడుగుతోంది.

ఆయన ధారాళంగా ఒప్పుకున్నాడు. కేకు ముక్క నోట్లో పెట్టుకుని, ఇక చెప్పమ్మా అన్నాడు.

హిల్డా చెప్పింది. వాళ్ళ నాన్న ఏమోస్ రౌండ్ క్రాస్‌వెల్ ఫ్యాక్టరీలో గీతలు గీసే పనివాడు. రాయల్ సైకిళ్ళ మీద గీతలన్నీ అక్కడ చేత్తోనే గీసేవారు. కొలబద్ద ఉండదు, ఆనించుకోవడానికి ఏమీ ఉండదు. పొడుగు వెంట్రుకల బ్రష్షు, చిటికెన వేలి ఆసరా, బిగపట్టిన ఊపిరి. రోజంతా రాయల్‌లకు గీతలు గీసే మనిషి ఒక్క రాయల్ కొనలేడు. పెళ్ళాం థిర్జా రోజూ మేకులు తయారుచేసే కొట్టుకు పనికి నడిచి వెళ్ళేది. ఆమె కోసం వర్క్‌మన్ కొన్నాడు. పక్కింటావిడ దాన్ని చూసి శవపేటిక అంది. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదట. వచ్చిన ఆదివారం నాన్న సైకిలును వంటింట్లోకి తెచ్చి, బల్ల మీద తిరగేసి పెట్టాడు.

"నాకప్పుడు ఆరేళ్ళండీ. మెట్ల మీద కూర్చోబెట్టి, కదలకు తల్లీ, గాలి కూడా గట్టిగా పీల్చకు అన్నాడు. నేను ఊపిరి తీస్తే గీత వణుకుతుందని భయపడి చచ్చాను. పెద్దయ్యాక అడిగితే, నిన్ను కుదురుగా కూర్చోబెట్టడానికి అన్నానే పిచ్చిదానా అన్నాడు." ఆమె నవ్వింది. ఆమె నవ్వగా చూడటం క్లిఫర్డ్‌కు అదే మొదటిసారి. "రాయల్ మీద కూడా అలాంటి గీతలు లేవనేది మా అమ్మ. మీకు కనబడే ఉంటాయిగా. మీరే చెప్పాలి అది ఎలాంటి పనో. మీలాంటి వాళ్ళు చెబితేనే దానికి విలువ."

క్లిఫర్డ్ మిగిలిన కేకు ముక్క పళ్ళెంలో పెట్టేశాడు. ఓలివ్ పొయ్యి వైపు తిరిగి నిలబడింది. మళ్ళీ ఇటు తిరగలేదు. ఇప్పుడే చెప్పెయ్యాలి అనుకున్నాడు క్లిఫర్డ్. ఆ అనుకోవడంలోనే హిల్డా లేచింది, కోటు బొత్తాలు పెట్టుకుంది, కృతజ్ఞతలు చెప్పింది. ఆయన గుమ్మం దాకా వెళ్ళి సాగనంపాడు. జాగ్రత్తగా వెళ్ళమ్మా అని కూడా అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఆయనకు తర్వాత ఎన్నాళ్ళో ఒళ్ళు కుంచించుకుపోయేది.

ఓలివ్ తిట్టలేదు. ఆమె తిట్టినా బాగుండేది. కేకు మీద మూత పెట్టి, "ఇంకొక ముక్క తింటావా?" అంది. అంతే.

మరునాడు క్లిఫర్డ్ సైకిలును దుప్పటితో సహా వ్యానులో వేసుకుని రూబెన్ జెస్సన్ దగ్గరికి వెళ్ళాడు. రూబెన్ కాలువ పడవలకు గులాబీలు, కోటల బొమ్మలు వేసే చిత్రకారుడు. ఇద్దరూ ఒకే వీధిలో గోళీలు ఆడినవాళ్ళు. వర్క్‌మన్ మీద బంగారు గీతలు కావాలి, శనివారానికల్లా ఆరాలి అన్నాడు క్లిఫర్డ్. చెబుతూ నేల చూపులు చూశాడు.

రూబెన్ పైపు నోట్లోంచి తీశాడు. "ఒరేయ్ క్లిఫ్, దొంగల్ని పట్టేవాడివి నువ్వే, దొంగసొత్తు చేయించేవాడివీ నువ్వేనా?"

"నీ పని నువ్వు చూడరా."

"చూస్తానులే. చెప్పు, గీతలు ఎలా ఉండేవి? ఒంటివా, జంటవా?"

"జంట."

"మధ్యలో ఎంత ఎడం? పక్కన ఎర్ర వెంట్రుక గీత ఏమైనా ఉందా? కొనలు ఎలా ముగించాడు, మొన తేల్చాడా, ముడి వేశాడా? సీటు కింద కలిపాడా, విడిగా వదిలాడా?"

క్లిఫర్డ్ కళ్ళు మూసుకున్నాడు. మడ్గార్డు మీది గీరుడు కనిపించింది, దాని లోతు, దాని అంచున లేచిన రంగు, లోపలికి దిగిన బంగారు చుక్క. అంతకుమించి ఏమీ కనబడలేదు. బురదలో మడ్గార్డు అంచు చూసి సైకిలు పేరు చెప్పిన మనిషి, వారం రోజులు తన చేతుల కింద నలిగిన గీతలను ఒక్కసారి కూడా చూడలేదు. అవి తప్పని రుజువు చేయడానికి ఎంత కావాలో అంతే చూశాడు. ఫొటో తీయలేదు. అబద్ధానికి ఫొటో ఎందుకని తీయలేదు.

రూబెన్ బ్రష్షు గుడ్డకు తుడిచాడు. "నా గీతలైతే గీస్తాను. ఆయన గీతలు నువ్వు చెప్పందే ఎలా గీసేది? తీసుకుపో" అన్నాడు. మెల్లగానే అన్నాడు. క్లిఫర్డ్‌కు చెంప మీద కొట్టినట్టయింది. దుప్పటి మళ్ళీ కప్పుతుంటే ఆ మెరిసే నలుపులో తన మొహం కనబడింది. దాన్ని కప్పడానికే దుప్పటి గబగబా లాగాడు.

శుక్రవారం సాయంత్రం హిల్డా ఇంటి తలుపు కొట్టాడు. టోపీ చేతిలో ఉంది. ఆమె బఠాణీలు, పంది మాంసం ఉడకబెడుతోంది. లోపలికి రమ్మంది, కుర్చీ లాగింది. ఆయన కూర్చోలేదు. గోడ వంక చూస్తూ చెప్పేశాడు. గీతలు చూశాననీ, ఎవరో మోసం కోసం గీశారనుకున్నాననీ, అన్నీ తీసేశాననీ, ఏమీ మిగల్లేదనీ.

హిల్డా పొయ్యి మంట తగ్గించింది.

"మొత్తమా?"

"మొత్తం."

"కింద పెడల్ దగ్గర చిన్నగా T అని ఒక అక్షరం ఉండాలి. థిర్జా అని అమ్మ పేరులో మొదటిది. అది కూడానా?"

క్లిఫర్డ్‌కు అక్కడ అక్షరం ఉన్నట్టే తెలియదు. ఆ మాట పైకి అనడం అన్నిటికంటే కష్టమైంది. "చూడలేదమ్మా" అన్నాడు. "అక్కడ జిడ్డు ఎక్కువగా ఉంటే నేరుగా మందు పూశాను."

ఆమె తలూపింది. ఏడవలేదు. కుర్చీలో కూర్చుని, బల్ల మీద లేని మరకను వేలితో రుద్దింది.

"నాన్న ఒక్కదానికే గీయలేదండీ. చూసినవాళ్ళు ఊరుకుంటారా? ఆదివారాలు మా వీధివాళ్ళు సైకిళ్ళు తోసుకుంటూ వచ్చేవారు. మా ఇంటిముందు బారులు తీరేవి. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు. అందరివీ ఆ నల్లవే. తెల్లారితే వాటి మీదే పనికి వెళ్ళేవాళ్ళు. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఫోర్‌మన్ అనేవాడట, రౌండూ, మీ వీధిలో అందరూ రాయల్‌లే కదయ్యా అని."

క్లిఫర్డ్ ఇప్పుడు కూర్చున్నాడు. డెస్మండ్ అత్తగారి సైకిలు ఆయన కళ్ళముందు నిలబడింది. దాని గీతలు కూడా ఆయనకు గుర్తు లేవు. గుర్తున్నది హాలు నవ్వడం.

"అయితే రేపు ఏం చెప్పమంటారు?" అన్నాడు. ఇన్నాళ్ళూ నువ్వు అన్న మనిషిని మీరు అన్నానని ఆయనకే తెలియలేదు.

"ఏం జరిగిందో అది చెప్పండి. నేను వస్తాను." ఆమె బల్ల మీద ఇంకో పళ్ళెం పెడుతూ అంది, "ఇంత దూరం వచ్చారు, రెండు బఠాణీలు తిని వెళ్ళండి."

వద్దనడానికి కూడా ఆయనకు మొహం చెల్లలేదు. తిన్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని తింది.

శనివారం చాపెల్ హాలు నిండింది. టీ బల్లలు ఒకపక్క, సైకిళ్ళు మరోపక్క. దుప్పటి తీయగానే మావాళ్ళు ఈగల్లా ముసిరారు. ఇంత శుద్ధమైన వర్క్‌మన్ దేశంలో ఇంకోటి లేదన్నారు. దీని మీద ఒక్క వెంట్రుక తప్పు చూపించినవాడికి నా టోపీ ఇస్తానన్నాడు సంఘం కార్యదర్శి. క్లిఫర్డ్ వింటూ నిలబడ్డాడు. వేరే రోజైతే ఆ మాటలను జేబులో వేసుకుని ఏడాదంతా తీసి చూసుకునేవాడు.

ఆయన వంతు వచ్చింది. ఎప్పుడూ రాజు సింహాసనం మీద చెయ్యి వేసినట్టు సీటు మీద చెయ్యి వేసేవాడు. ఈసారి చెయ్యి లేవలేదు. హిల్డా వెనక నుంచి వచ్చి, తనే సీటు మీద చెయ్యి పెట్టి, పక్కన నిలబడింది. ఆయన చెప్పాడు. ఏమోస్ రౌండ్ ఎవరో చెప్పాడు. థిర్జా గురించి, ఆదివారం వంటింటి గురించి, వీధిలో బారులు తీరిన సైకిళ్ళ గురించి చెప్పాడు. ఆ గీతలు ఎలా ఉండేవో చెప్పమంటే తనకు తెలియదన్నాడు. ఎందుకంటే వాటిని గీకినవాణ్ణి నేనే అన్నాడు.

తర్వాత డెస్మండ్ కోసం కళ్ళతో వెతికాడు. టీ బల్ల పక్కన ఉన్నాడు డెస్మండ్, చేతిలో కప్పు పట్టుకుని.

"డెస్మండూ, నీ సైకిలు మీదివి కూడా ఆయనవే అయ్యుంటాయి. నేను క్యాటలాగు చదివాను. అందరినీ నవ్వించాను. నువ్వు వెళ్ళి తీసేశావు."

డెస్మండ్ కప్పు కింద పెట్టాడు. తొందరపడే మనిషి కాదు.

"మా అత్త చెప్పేది, ఎవరో మంచాయన ఆదివారం పూట ఊరికే గీసిపెట్టాడని. ఆవిడ మాట నమ్మాలో నీ పుస్తకం నమ్మాలో తెలియలేదు. నీ పుస్తకమే నమ్మాను. అప్పటికి ఆవిడ ఇంకా బతికే ఉంది క్లిఫ్. నల్లరంగు వేసి తీసుకెళ్ళి చూపిస్తే, ఇది నాది కాదు అంది."

ఎవరూ నవ్వలేదు. వెనక టీ పాత్ర బుసబుసమంటోంది. ఏదో ఒకటి అనాలని క్లిఫర్డ్ పెదవులు కదిపాడు. డెస్మండ్ చెయ్యెత్తి ఆపాడు, బస్సును ఆపినట్టు.

"ఏమీ అనకు. అప్పుడు నేనూ నవ్వాను కదా" అన్నాడు.

ఆ తర్వాత కార్యదర్శి పక్క సైకిలు దగ్గరికి నడిచాడు, జనం ఆయన వెంట వెళ్ళారు. మావాళ్ళు ఎవరినీ బయటికి పొమ్మనరు, దగ్గరికీ పిలవరు. ఓలివ్ మొగుడి చేతిలో ఒక కప్పు పెట్టి, మోచెయ్యి ఒకసారి నొక్కి, శాండ్‌విచ్చుల బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆయన ఆ కప్పు తాగకుండానే చల్లార్చాడు.

సాయంత్రం హిల్డా తన సైకిలు తీసుకుంది. హాలు ముందు రాళ్ళ బాట మీద ఒక చుట్టు తొక్కింది కూడా. మొదట తడబడింది, తర్వాత నిలదొక్కుకుంది. దిగి, ఇంటికి తోసుకుపోతానంది. వ్యానులో దింపుతానన్నాడు క్లిఫర్డ్. వద్దంది. అయితే వెంట వస్తానన్నాడు. సరే అంది. సైకిలుకు అటు ఆమె, ఇటు ఆయన, మధ్యలో ఆ నల్లని మెరుపు.

శనివారం సాయంత్రం కదా, వీధిలో జనమే జనం. మాంసం కొట్టు గుమ్మంలో నిలబడ్డ కసాయి పలకరించాడు. "భలే మెరుస్తోందే హిల్డా. కొత్తదా?"

"మా అమ్మది. టాండీ గారు బాగుచేశారు."

పసిపిల్లను బండిలో తోసుకుంటూ వస్తున్న ఒకావిడ ఆగి చూసింది. ఎవరు చేశారింత బాగా అంది. టాండీ గారు చేశారంది హిల్డా. వంతెన దగ్గర చాపెల్ పాస్టరు కలిశాడు, ఆయనకూ అదే మాట. ఒక్కొక్కసారీ క్లిఫర్డ్ ఆమె గొంతులో ఎత్తిపొడుపు కోసం చెవి రిక్కించాడు. దొరికితే తనకు తగిన శిక్షే అనుకుని కాస్త నిలబడవచ్చు. దొరకలేదు. చక్రాలు తిరగమంది, తిరుగుతున్నాయి. ఆమె ఉన్న మాట చెబుతోంది, అంతే. ప్రతివాళ్ళూ ఆయన వైపు తిరిగి మెచ్చుకోలుగా తల పంకించారు. ప్రతిసారీ ఆయన తల ఇంకాస్త వంగింది.

ఆమె వీధి మలుపులో ఒక ముసలాయన గోడ మీద చేతులు ఆనించి నిలబడి ఉన్నాడు. సైకిలును ముందు నుంచి వెనక దాకా చూశాడు.

"టాండీ గారూ, మా నాన్నది ఒకటి అటక మీద పడుంది. ఇలాంటిదే. దీనిలాగే చేసిపెడతారా?"

క్లిఫర్డ్ లేదనలేకపోయాడు, అవుననలేకపోయాడు. హిల్డా ముసలాయన వైపు తిరిగింది.

"ముందు మా ఇంటికి తీసుకురండి. ఒకసారి నేను చూస్తాను" అంది. అని, క్లిఫర్డ్ కోసం ఆగకుండా సైకిలు తోసుకుంటూ ముందుకు నడిచింది. క్లిఫర్డ్ టోపీ చేతిలో పట్టుకుని, ఆమె వెనకాలే నడిచాడు.